విండోస్‌ని కదపకుండా అదే ల్యాప్‌టాప్‌లో ఉబుంటు నడపడం

అమీర్‌పేటలో లినక్స్ క్లాసులోనో డెవాప్స్ క్లాసులోనో చేరిన మొదటి వారంలోనే చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్, క్లాసులో నేర్పేది లినక్స్. పక్కవాళ్ళు డ్యూయల్ బూట్ చేసుకోమంటారు, అంటే డిస్కుని విడగొట్టి రెండు సిస్టమ్‌లూ పక్కపక్కన పెట్టుకోమని. పార్టిషన్లు విడగొట్టేటప్పుడు ఒక్కచోట తప్పు నొక్కితే ప్రాజెక్టు ఫైళ్ళూ ఫోటోలూ అన్నీ పోతాయి. నేర్చుకునే దశలో అంత సాహసం అక్కర్లేదు. వర్చువల్ మెషీన్ చాలు.

సొంతింట్లో ఒక పోర్షన్ అద్దెకిచ్చినట్టు అనుకోండి. ఇల్లు విండోస్‌దే. అందులో కొంత మెమరీ, కొంత డిస్కు, రెండు ప్రాసెసర్లు ఉబుంటు అనే లినక్స్‌కి అద్దెకిస్తాం. అద్దెకున్నవాళ్ళు తమ గదిలో ఏం చేసుకున్నా మిగతా ఇంటికి ఏమీ కాదు. అయితే ఓనరు తన వంటిల్లు కూడా అద్దెకిచ్చేస్తే ఇద్దరికీ తిప్పలే. వర్చువల్ మెషీన్ నత్తనడక నడుస్తోందనే ఫిర్యాదుల వెనక సాధారణంగా ఉండేది ఈ పంపకంలో జరిగిన పొరపాటే. అందుకే ఇన్‌స్టలేషన్ కన్నా ముందు చూసుకోవాల్సిన వాటికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ఇక్కడ వాడేది వర్చువల్‌బాక్స్. ఒరాకిల్ సంస్థ ఉచితంగా ఇస్తుంది, విండోస్ హోమ్ ఎడిషన్‌లో కూడా పనిచేస్తుంది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నుంచి ఉచితమే. అది ఇప్పటికే అలవాటైనవాళ్ళు మారాల్సిన పనిలేదు, ఇక్కడ చెప్పే లెక్కలన్నీ దానికీ వర్తిస్తాయి. కమాండ్లు మాత్రమే ప్రాక్టీసు చేయాలనుకుంటే విండోస్‌లోనే ఉన్న డబ్ల్యుఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ కమాండ్లు నడిపే సౌకర్యం) ఇంకా తేలిక. కానీ బూట్ ప్రక్రియ, డిస్కు పార్టిషన్లు, నెట్‌వర్క్ సెట్టింగులు, రెండు మూడు సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం నేర్చుకోవాలంటే పూర్తి వర్చువల్ మెషీనే కావాలి.

ముందు ల్యాప్‌టాప్ సంగతి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ ట్యాబులో సీపీయూ మీద నొక్కితే కింద ‘వర్చువలైజేషన్’ అనే వరుస ఉంటుంది. పక్కన ‘ఎనేబుల్డ్’ అని ఉంటే బయోస్ (విండోస్ కన్నా ముందే లేచే సెట్టింగుల తెర) జోలికి వెళ్ళక్కర్లేదు. ‘డిసేబుల్డ్’ అని ఉంటే ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ అయినా పని మొదలవదు. వర్చువల్ మెషీన్ స్టార్ట్ చేయగానే వీటీ-ఎక్స్ బయోస్‌లో ఆపేసి ఉందనో, ఏఎండీ-వీ డిసేబుల్ అయిందనో ఎర్రర్ వస్తుంది.

బయోస్‌లోకి వెళ్ళే ముందు తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్కుకి తాళంలా పనిచేసే బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో మార్పు జరిగితే తర్వాతి స్టార్టప్‌లో నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందుగానే ఫోన్‌లో లాగిన్ అయి చూసి, కాగితం మీద రాసుకోండి. ఆ అకౌంట్ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అన్నయ్యో షాపువాళ్ళో తెరిచిందైతే, పాస్‌వర్డ్ కనుక్కున్నాకే ముందుకెళ్ళండి.

తర్వాత రీస్టార్ట్ చేసి, కంపెనీ గుర్తు కనిపించగానే బయోస్ కీ పదేపదే నొక్కాలి. హెచ్‌పీలో ఎఫ్10. డెల్, ఏసర్, ఏసుస్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఎఫ్2. లెనోవోలో మోడల్‌ని బట్టి ఎఫ్1 లేదా ఎఫ్2. విడిగా కూర్చిన డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా డిలీట్ కీ. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ వరుస పనిచేయడానికి ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి. లోపల ఇంటెల్ ప్రాసెసర్ అయితే ‘ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ’, ఏఎండీ అయితే ‘ఎస్‌వీఎం మోడ్’ అనే పేరుతో ఉంటుంది. అడ్వాన్స్‌డ్, సీపీయూ కాన్ఫిగరేషన్ లేదా సిస్టమ్ కాన్ఫిగరేషన్ కింద వెతకండి. ఎనేబుల్ చేసి, ఎఫ్10తో సేవ్ చేసి బయటికి రండి. ఇంకేదీ ముట్టుకోవద్దు.

ఇక మెమరీ. టాస్క్ మేనేజర్‌లోనే మెమరీ మీద నొక్కి, బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు ఎంత వాడుతోందో చూడండి. విండోస్ 11, నాలుగైదు బ్రౌజర్ ట్యాబులు కలిపి 4 జీబీ దాకా తీసుకోవడం మామూలే. మొత్తం 8 జీబీ ఉన్న ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కి కొంత పోతుంది కాబట్టి, నిజంగా పంచుకోగలిగింది మూడు, మూడున్నర జీబీ. దానికి తగ్గ లెక్క ఇది: 8 జీబీ ఉంటే మామూలు ఉబుంటు బదులు తేలికైన జుబుంటు పెట్టుకుని 3072 ఎంబీ ఇవ్వండి. ఉబుంటు డెస్క్‌టాపే కావాలంటే 4096 ఎంబీ ఇచ్చి, అది నడుస్తున్నంతసేపూ విండోస్‌లో బ్రౌజర్ మూసేయండి. 16 జీబీ ఉంటే ఉబుంటుకి 6144 నుంచి 8192 ఎంబీ దాకా నిశ్చింతగా ఇవ్వచ్చు. మొత్తం 4 జీబీయే ఉంటే డెస్క్‌టాప్ ఆశ వదులుకుని, తెర మీద బొమ్మలు లేని ఉబుంటు సర్వర్‌ని 1536 ఎంబీతో నడుపుకోవడం ఉత్తమం.

మెమరీ పెంచుకుందామని సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు టాస్క్ మేనేజర్ మెమరీ తెరని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అక్కడ వేగం, ‘స్లాట్స్ యూజ్డ్’, ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ అనే మూడు వివరాలు ఉంటాయి. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర ‘సోడిమ్’ అని ఉంటే మార్చుకోగలిగిన ర్యామ్ ఉన్నట్టు. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అది బోర్డుకే అతికించిన మెమరీ, ఖాళీ స్లాటు విడిగా ఉంటే తప్ప పెంచలేరు. డీడీఆర్4 ల్యాప్‌టాప్‌లో డీడీఆర్5 ర్యామ్ పట్టదు, గాడి ఉన్న చోటే వేరు. పాత ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే మాత్రం, ర్యామ్ కన్నా ముందు ఎస్ఎస్‌డీకి ఖర్చు పెట్టండి. హార్డ్ డిస్కు మీద రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకేసారి చదువుతూ రాస్తూ ఉంటే ఎంత ర్యామ్ ఉన్నా కదలదు.

డిస్కులో కనీసం 40 జీబీ ఖాళీ ఉండాలి. సీ డ్రైవ్ నిండుగా ఉంటే యూఎస్‌బీ 3 ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ మీద పెట్టుకోవచ్చు, పెన్‌డ్రైవ్ మీద వద్దు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు దానిమీద నిలవదు. ఉబుంటు డిస్కు ఫైలు పెరుగుతూ పెరుగుతూ సగంలో ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌గానో ఎక్స్‌ఫ్యాట్‌గానో మార్చుకోండి. వన్‌డ్రైవ్ సింక్ చేసే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లలో కూడా మెషీన్ పెట్టకూడదు. మెషీన్ నడిచిన ప్రతిసారీ మారిపోయే అంత పెద్ద ఫైలుని క్లౌడ్‌కి ఎక్కించాలని వన్‌డ్రైవ్ చూస్తూనే ఉంటుంది.

డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్

రెండు ఫైళ్ళు కావాలి. ఒకటి వర్చువల్‌బాక్స్ విండోస్ ఇన్‌స్టాలర్, రెండోది ఉబుంటు ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టలేషన్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా. రెండూ వాటి సొంత సైట్ల నుంచే తెచ్చుకోండి. ఉబుంటులో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే) వెర్షనే ఎంచుకోండి. 24.04 ఎల్‌టీఎస్ 2024 ఏప్రిల్‌లో వచ్చింది, దానికి ఐదేళ్ళ పాటు అప్‌డేట్లు ఉంటాయి. ఆ ఐఎస్ఓ దాదాపు 6 జీబీ. రోజుకి 2 జీబీ డేటా ఉన్న ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒక్క రోజులో రాదు. మధ్యలో ఆగినా కొనసాగించుకోగల టొరెంట్ లింకు ఉబుంటు సైట్లోనే ఉంది, అది వాడండి.

దిగాక ఫైలు సరిగా వచ్చిందో లేదో చూసుకోండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ కమాండుకి హ్యాష్‌ఫైల్ ఆప్షన్, ఫైలు పేరు, ఎస్‌హెచ్ఏ256 ఇస్తే ఒక పొడవాటి వరుస వస్తుంది. ఉబుంటు సైట్లో ఇచ్చిన వరుసతో అది అక్షరం పొల్లు పోకుండా కలవాలి. ఇన్‌స్టలేషన్ 60 శాతం దగ్గర కారణం లేకుండా ఆగిపోయే కేసుల్లో సగంలో తెగిన డౌన్‌లోడ్ కూడా ఒక కారణం. రెండు నిమిషాల తనిఖీతో ఆ అనుమానం తీరిపోతుంది.

వర్చువల్‌బాక్స్ ఇన్‌స్టాలర్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ లేదని ఆగితే, దాన్ని మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తెచ్చి ముందు పెట్టండి. పైథాన్ డిపెండెన్సీ లేదనే హెచ్చరికకి ‘యెస్’ అని ముందుకెళ్ళచ్చు, దాని అవసరం మనకు లేదు. మధ్యలో నెట్ కొన్ని క్షణాలు తెగుతుంది, కాబట్టి ఆన్‌లైన్ క్లాసు నడుస్తుండగా ఈ పని పెట్టుకోకండి.

మెషీన్ తయారీ

‘న్యూ’ నొక్కి పేరు ఇవ్వండి, ఐఎస్ఓ ఫైలు చూపించండి. అదే తెర మీద ‘అన్అటెండెడ్ ఇన్‌స్టలేషన్’ గురించిన గడి ఉంటుంది. దీన్ని తప్పనిసరిగా ఆపేయండి. పాత వెర్షన్లలో ‘స్కిప్’ గడికి టిక్కు పెట్టాలి, కొత్త వాటిలో ‘ప్రొసీడ్’ గడికి ఉన్న టిక్కు తీసేయాలి. ఆపకపోతే వర్చువల్‌బాక్సే వీబాక్స్‌యూజర్ అనే పేరుతో, చేంజ్‌మీ అనే పాస్‌వర్డుతో అంతా తనే పెట్టేస్తుంది. ఆ యూజర్‌కి సుడో (అడ్మిన్) అధికారం ఉండకపోవచ్చు, కొన్నిసార్లు టెర్మినల్ కూడా తెరుచుకోదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తప్పంతా తమదే అనుకుని రోజంతా కొట్టుకునేది ఇక్కడే.

మెమరీ పైన చెప్పిన లెక్క ప్రకారం. ప్రాసెసర్లు రెండు ఇవ్వండి. ఒకటే ఇస్తే ఉబుంటు డెస్క్‌టాప్ ఈడుస్తుంది. ఉన్నవన్నీ ఇస్తే విండోస్‌కి ఊపిరాడదు. స్లైడర్ ఎర్ర భాగంలోకి వెళ్ళకూడదు, అంతే. డిస్కు 40 జీబీ పెట్టి, ముందే మొత్తం కేటాయించే గడిని ఖాళీగా వదిలేయండి. అప్పుడు వాడినంత మేరకే ఫైలు పెరుగుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది: లోపల ఫైళ్ళు తుడిచేసినా బయట ఆ ఫైలు దానంతటది చిన్నదవదు.

మెషీన్ తయారయ్యాక ‘సెట్టింగ్స్’లో డిస్‌ప్లేకి వెళ్ళి వీడియో మెమరీ 128 ఎంబీకి పెంచండి. గ్రాఫిక్స్ కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏగానే ఉంచండి. త్రీడీ యాక్సిలరేషన్ మొదట ఆఫ్‌లోనే ఉండనివ్వండి. నల్ల తెర, మిణుకుమిణుకుమనే తెర అనే ఇబ్బందులకు చాలాసార్లు కారణం అది ఆన్‌లో ఉండడమే.

స్టార్ట్ నొక్కి, ‘ట్రై ఆర్ ఇన్‌స్టాల్ ఉబుంటు’ ఎంచుకోండి. అక్షరాలు చీమల్లా కనిపిస్తే వ్యూ మెనూలో వర్చువల్ స్క్రీన్‌ని 150 శాతానికి పెంచుకోండి. భాష, కీబోర్డు ఎంచుకున్నాక కాసేపటికి ‘ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ ఉబుంటు’ అని వస్తుంది. అందరూ ఇక్కడే ఆగి భయపడతారు. అది తుడిచేది మనం ఇచ్చిన 40 జీబీ ఫైలునే, విండోస్ డిస్కు దానికి కనిపించనే కనిపించదు. ధైర్యంగా నొక్కండి. యూజర్ పేరు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఇవ్వండి. టైమ్ జోన్ కోల్‌కతా. చివర్లో ఇన్‌స్టలేషన్ మీడియం తీసేయమంటే ఎంటర్ కొట్టండి. రీస్టార్ట్ అయ్యాక మళ్ళీ ఇన్‌స్టాలరే వస్తే, మెషీన్ ఆపి స్టోరేజ్ సెట్టింగ్స్‌లో ఐఎస్ఓ తీసేయండి.

మౌసు లోపల చిక్కుకుపోతే కుడివైపు కంట్రోల్ కీ నొక్కితే బయటికి వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి ఆ స్థానంలో కోపైలట్ కీ ఉంటోంది. అలాంటప్పుడు వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కింద హోస్ట్ కీ వేరేది పెట్టుకోండి.

గెస్ట్ అడిషన్స్, ఫైళ్ళ మార్పిడి

తెర పూర్తి సైజుకి సాగాలన్నా, విండోస్‌లో కాపీ చేసింది ఉబుంటులో పేస్ట్ అవ్వాలన్నా గెస్ట్ అడిషన్స్ ఉండాలి. ముందు టెర్మినల్‌లో ఆప్ట్ అప్‌డేట్, ఆప్ట్ అప్‌గ్రేడ్ పూర్తిచేసి, రీస్టార్ట్ చేయండి. ఈ క్రమం ముఖ్యం. కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) మారి రీస్టార్ట్ అవ్వకముందే అడిషన్స్ పెడితే అవి పాత కెర్నల్‌కి తయారై, తర్వాత పనిచేయకపోవచ్చు. ఆ తర్వాత బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి. అందులో వచ్చే జీసీసీ, మేక్ అనే సాధనాలు లేకపోతే అడిషన్స్‌కి కావాల్సిన కెర్నల్ మాడ్యూళ్ళు తయారవవు. ఇప్పుడు డివైసెస్ మెనూ నుంచి గెస్ట్ అడిషన్స్ సీడీ చొప్పించి, అందులోని ఆటోరన్ ఫైలు నడిపి, మళ్ళీ రీస్టార్ట్ చేయండి.

అయినా కాపీ పేస్ట్ పనిచేయకపోతే రెండు చోట్ల చూడండి. డివైసెస్ మెనూలో షేర్డ్ క్లిప్‌బోర్డ్ ‘బైడైరెక్షనల్’గా ఉందా? ఉబుంటు లాగిన్ తెరలో కింది మూల పళ్ళచక్రం గుర్తు నొక్కి ‘ఉబుంటు ఆన్ జోర్గ్’ ఎంచుకున్నారా? తెరని నడిపే పద్ధతులు రెండు, జోర్గ్, వేలాండ్. 24.04లో మామూలుగా నడిచే వేలాండ్‌లో క్లిప్‌బోర్డ్ మొరాయిస్తుంది.

షేర్డ్ ఫోల్డర్ పెట్టాక అది మీడియా ఫోల్డర్‌లో ఎస్ఎఫ్ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేరుతో కనిపిస్తుంది. తెరవబోతే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. మీ యూజర్ వీబాక్స్ఎస్ఎఫ్ గ్రూపులో లేకపోవడమే కారణం. సుడోతో యాడ్‌యూజర్ కమాండు ఇచ్చి, మీ యూజర్ పేరు, తర్వాత గ్రూపు పేరు రాసి, రీస్టార్ట్ చేస్తే సరి. యూజర్‌మాడ్ కమాండుతో కూడా చేయచ్చు. కానీ అందులో పెద్ద జీ ఆప్షన్ ఇచ్చి చిన్న ఏ మరిచిపోతే, మిమ్మల్ని మిగతా గ్రూపులన్నిట్లోంచీ తీసేస్తుంది. సుడో గ్రూపు కూడా అందులోనే పోతుంది. అందుకే మొదటి పద్ధతే చెబుతున్నాం.

తెలుగులో టైపు చేయాలంటే సెట్టింగ్స్‌లో కీబోర్డు కింద ఇన్‌పుట్ సోర్సెస్‌లో తెలుగు చేర్చుకోండి, ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. ఆర్‌టీఎస్ అలవాటున్నవాళ్ళు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ పెట్టుకుని, లాగౌట్ అయి వస్తే ఆ జాబితాలో దొరుకుతుంది.

నెట్‌వర్క్: క్లాసులో అందరూ ఆగిపోయే చోటు

మొదట ఉండే అమరిక నాట్. లోపల నుంచి ఇంటర్నెట్ హాయిగా వస్తుంది, బయటి నుంచి లోపలికి ఎవరూ రాలేరు. మెషీన్‌కి 10.0.2.15 అనే చిరునామా వస్తుంది. ఇలాంటి మెషీన్లు మూడు పెట్టినా మూడిటికీ అదే చిరునామా! ఒక్కోటీ తన సొంత గదిలో ఒంటరిగా ఉన్నట్టు లెక్క. ఆన్సిబుల్ (చాలా సర్వర్లని ఒకచోట నుంచి సరిదిద్దే సాధనం) ప్రాక్టీసుకి రెండు మెషీన్లు పెట్టుకుని ఒకదాన్నుంచి ఇంకోదానికి పింగ్ రావడం లేదని తల పట్టుకునేది ఇందుకే.

బ్రిడ్జ్‌డ్, అంటే మెషీన్‌ని నేరుగా రౌటర్‌కే కలిపే అమరిక, పెట్టుకోమని చాలామంది సలహా ఇస్తారు. ఇంట్లో సొంత రౌటర్ ఉంటే పనిచేస్తుంది. ఎస్ఆర్ నగర్ హాస్టల్ వైఫైలోనో కాలేజీ వైఫైలోనో చాలాసార్లు పనిచేయదు. అక్కడ లాగిన్ పేజీ ఉంటుంది, ఒక్కో మనిషికి ఇన్ని డివైసులనే పరిమితి ఉంటుంది. రౌటర్ దృష్టిలో మీ వర్చువల్ మెషీన్ ఇంకో కొత్త డివైసు.

ఎక్కడికెళ్ళినా మారకుండా పనిచేసే అమరిక ఇది: ప్రతి మెషీన్‌కీ రెండు అడాప్టర్లు పెట్టండి. మొదటిది నాట్, ఇంటర్నెట్ కోసం. రెండోది హోస్ట్-ఓన్లీ, మెషీన్లు ఒకదానితో ఒకటీ, విండోస్‌తోనూ మాట్లాడుకోవడానికి. హోస్ట్-ఓన్లీలో చిరునామాలు 192.168.56తో మొదలవుతాయి, విండోస్‌ది 192.168.56.1. హాస్టల్ వైఫై పోయినా ఈ లోపలి నెట్‌వర్క్ నడుస్తూనే ఉంటుంది. సర్వర్ ఎడిషన్‌లో రెండో అడాప్టర్‌ని నెట్‌ప్లాన్ అనే నెట్‌వర్క్ సెట్టింగుల ఫైలులో మీరే చేర్చాలి, లేకపోతే చిరునామా రాదు.

ఒక్క మెషీన్‌లోకి విండోస్ నుంచి ఎస్ఎస్‌హెచ్ చేస్తే (టెర్మినల్ ద్వారా లాగిన్ అయితే) చాలనుకుంటే, నాట్ సెట్టింగ్స్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చాలు: హోస్ట్ (విండోస్) పోర్ట్ 2222, గెస్ట్ (ఉబుంటు) పోర్ట్ 22. ఉబుంటులో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ముందే పెట్టి ఉండాలి, డెస్క్‌టాప్ ఎడిషన్‌తో అది రాదు.

ఒక సర్వర్ తయారుచేసి దాన్నే క్లోన్ చేసుకుంటే టైమ్ కలిసొస్తుంది. క్లోన్ చేసేటప్పుడు అన్ని అడాప్టర్లకూ కొత్త మ్యాక్ చిరునామాలు (అడాప్టర్ గుర్తింపు సంఖ్యలు) తయారుచేయమనే ఎంపిక తీసుకోండి. అయినా హోస్ట్-ఓన్లీలో రెండు మెషీన్లకీ ఒకే ఐపీ రావచ్చు. ఉబుంటు సర్వర్ తనని తాను పరిచయం చేసుకునేది మ్యాక్‌తో కాదు, ఈటీసీ ఫోల్డర్‌లోని మెషీన్-ఐడీ ఫైలుతో. క్లోన్‌లో ఆ ఫైలుని ఖాళీ చేసి రీస్టార్ట్ చేస్తే కొత్తది పుడుతుంది. హోస్ట్‌నేమ్ కూడా మార్చండి.

ఎన్ని మెషీన్లు పెట్టగలరో మెమరీయే చెబుతుంది. ఆన్సిబుల్‌కి సర్వర్ ఒక్కింటికి 1 జీబీ సరిపోతుంది. క్యూబ్అడ్మ్‌తో కుబర్నెటీస్ నేర్చుకోవాలంటే ఒక్కో మెషీన్‌కి కనీసం 2 జీబీ, కంట్రోల్ ప్లేన్‌కి రెండు ప్రాసెసర్లు ఉండాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో అది రెండు మెషీన్లతోనే ఆగిపోతుంది. డాకర్‌కి అలాంటి ఇబ్బంది లేదు, ఉబుంటు లోపల మామూలుగా నడుస్తుంది, నెస్టెడ్ వర్చువలైజేషన్ (మెషీన్ లోపల మళ్ళీ మెషీన్ నడిపే ఏర్పాటు) ఆన్ చేయాల్సిన పని కూడా లేదు.

ఆకుపచ్చ తాబేలు

మెషీన్ కిటికీ కింద కుడివైపు చిన్న గుర్తుల్లో ఆకుపచ్చ తాబేలు కనిపిస్తే, విండోస్ సొంత వర్చువలైజేషన్ ఏర్పాటు హైపర్-వీ ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ని తన చేతిలో పెట్టుకుందని, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నెమ్మదిగా నడుస్తోందని అర్థం. వేగం భరించగలిగేలా ఉంటే వదిలేయడమే మంచిది. మరీ ఆగి ఆగి నడుస్తుంటే విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ తెరిచి, మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేయండి. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసి రీస్టార్ట్ చేయండి. దీనికి చెల్లించే మూల్యం రెండు రకాలు: విండోస్ రక్షణ ఒక మెట్టు తగ్గుతుంది, డబ్ల్యుఎస్ఎల్2, దానిమీద నడిచే డాకర్ డెస్క్‌టాప్ ఆగిపోతాయి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఈ సెట్టింగులు మీ అంతట మీరు మార్చకండి. అలాగే వర్చువల్‌బాక్స్ ఎక్స్‌టెన్షన్ ప్యాక్ ఉచితం అన్నది సొంత వాడకానికీ చదువుకీ మాత్రమే, ఆఫీసు పనికి లైసెన్సు కొనాలి.

స్నాప్‌షాట్లు, ఆపడం, దాచుకోవడం

అన్నీ సరిగ్గా నడుస్తున్న రోజున మెషీన్ షట్‌డౌన్ చేసి ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత ఏ కాన్ఫిగరేషన్ పాడైనా నిమిషంలో ఆ రోజుకి వెనక్కి వెళ్ళచ్చు. అలాగని పది పదిహేను పోగేయకండి. స్నాప్‌షాట్ తీసిన దగ్గర్నుంచి జరిగే ప్రతి మార్పూ వేరే ఫైలులో చేరుతూ డిస్కుని తింటుంది. ఆ ఫైళ్ళని ఎక్స్‌ప్లోరర్‌లో చేత్తో తుడిచేస్తే గొలుసు తెగి మెషీన్ మళ్ళీ లేవదు. తీసేయాలంటే వర్చువల్‌బాక్స్‌లోనే తీసేయాలి.

విండోస్ డిస్కు నిండిపోతే మెషీన్ దానంతటదే పాజ్ అయి ఎర్రర్ చూపిస్తుంది. కంగారుపడి పవరాఫ్ చేయకండి. విండోస్‌లో కొంత ఖాళీ చేసి మళ్ళీ కొనసాగించండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండలకి కరెంటు పోయే ఇళ్ళలో డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి యూపీఎస్ తప్పనిసరి. ఉబుంటు డిస్కులోకి రాస్తుండగా కరెంటు పోతే దాని ఫైల్ సిస్టమ్ దెబ్బతినచ్చు. యూపీఎస్ బీప్ వినగానే కిటికీ మూసే గుర్తు నొక్కి ‘సేవ్ ద మెషీన్ స్టేట్’ ఎంచుకుంటే ఉన్నదున్నట్టు దాచుకుని ఆగుతుంది.

స్నాప్‌షాట్ ఉన్నది కూడా అదే డిస్కులో కాబట్టి, డిస్కు పోతే అదీ పోతుంది. ల్యాప్‌టాప్ సర్వీసుకి ఇచ్చే ముందు, విండోస్ ఫార్మాట్ చేసే ముందు ఫైల్ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్’తో ఓవీఏ ఫైలు తయారుచేసి ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టండి. కొత్త ల్యాప్‌టాప్‌లో ‘ఇంపోర్ట్ అప్లయన్స్’ నొక్కితే మీ ఉబుంటు సెట్టింగులతో సహా వచ్చేస్తుంది. స్నాప్‌షాట్లు మాత్రం ఓవీఏలోకి రావు, ఎక్స్‌పోర్ట్ చేసే సమయానికి ఉన్న స్థితి ఒక్కటే వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో మెమరీ వేరుగా ఉంటే, స్టార్ట్ నొక్కే ముందు పంపకం లెక్క మళ్ళీ ఒకసారి సరిచూడండి.